చల్లారని ఆల్చిప్ప

సిరోంచ నుంచి రేగుంట వెళ్లే దారిలో ఒక చిప్పల షెడ్డు ఉంది. ప్రాణహితలో ఏరిన ఆల్చిప్పలను అక్కడ కొయ్యపెట్టెలకు తాపడం చేస్తారు. కంటికి కనపడని పగుళ్లు పట్టడం అరుణశ్రీ పని. చిప్పను దీపం కింద వెచ్చజేసి, వేడిని చూపే కెమెరా పెడుతుంది. పగులున్న చోట వేడి ఆగి, తెర మీద సన్నని గీత పడుతుంది.

ఆ మబ్బు మధ్యాహ్నం ఆమె మనసు పని మీద లేదు. పక్కన ఉయ్యాలలో ఐదు నెలల కూతురు స్వీటీ. జ్వరంతో నిన్నటి నుంచి పాలు ముట్టలేదు. ఆల్చిప్పతో పోస్తే నాలుగు చుక్కలైనా దిగుతాయని తల్లి ఆశ.

"గిది నున్నగుంది చెల్లె, బిడ్డ నోటికి గుచ్చుకోదు," అంటూ చిప్పలేరే కొండన్న ఒకటి తీసిచ్చాడు.

వెచ్చజేసి చూసింది. పగులు లేదు. చల్లారనిచ్చింది. తెర మీద చిప్పంతా నీలమైంది, అంచున ఒక్క మచ్చ తప్ప. ఎర్రగా... పసిపెదవంత.

వేలు పెట్టింది. చల్లగానే ఉంది.

"కెమెరాకు కండ్లు మసకలొచ్చినయేమో!" కొండన్న నవ్వాడు.

మచ్చ ముడుచుకుంది. విచ్చుకుంది. మళ్లీ ముడుచుకుంది... ఎక్కడో గుటక పడిన చప్పుడు.

"అన్నా... ఇదెక్కడిది?"

"నీళ్లలదే."

"నా మొఖం చూసి చెప్పు."

కొండన్న తల దించుకున్నాడు. "పసిపోరగాండ్లను పూడ్చిపెట్టే ఇసుకల దొరికింది. వరదకు బయటపడ్డది. ఏమైతదిలె అనుకున్న..."

పాలు తాగే బిడ్డ పోతే, పాలు పోసిన చిప్పను నోటి దగ్గరే ఉంచి పూడుస్తారు. దాన్ని తీయడం ఎంత తప్పో, ఎక్కడిదని అడగకుండా అందుకోవడమూ అంతే తప్పు.

"తీసిన కాడ్నే పెట్టి రా. ఇప్పుడే."

కొండన్న దాన్ని తువ్వాలలో చుట్టుకుని పరుగెత్తాడు. గంటకు తడిసి వచ్చాడు.

"పూడ్చిన చెల్లె. మొక్కిన."

అరుణశ్రీ బిడ్డను ఎత్తుకుంది. నుదురు చల్లబడింది. ఊపిరి పీల్చుకుని రొమ్ము అందించింది. స్వీటీ మొహం తిప్పేసి, నిండుగా తేన్చింది. పొట్ట బిగువుగా ఉంది. పెదవి చివర పాలు.

గిన్నెలో బిడ్డకని పిండి ఉంచిన పాలు మీగడ చెదరకుండా ఉన్నాయి.

కొంగుతో పెదవి తుడిచింది. ఆ పాలు నది నీళ్లంత చల్లగా తగిలాయి.

స్వీటీ తల్లి భుజం మీదుగా ఖాళీ వాకిలి వైపు చూసింది. ఇంకా కావాలన్నట్టు... నోరు తెరిచింది.