పదకొండో ప్రశ్న

పొద్దున్నే వంటింట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న తల్లి ఎదుట, కూతురు నాలుగు కాగితాలు పట్టుకుని కూర్చుంది. అరిచేతుల సోరియాసిస్‌కి ఒక కొత్త పూతమందు వస్తోంది. అది పనిచేస్తుందో లేదో తేల్చే ట్రయల్‌ని రూపొందించడం ఆమె ఉద్యోగం. పేషెంట్లను అడగబోయే ప్రశ్నలు ముందు తెలిసినవాళ్ళను అడిగి చూడమన్నాడు పై ఆఫీసరు. వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, ఆ జబ్బు ముప్పై తొమ్మిదేళ్ళుగా అమ్మ చేతుల్లోనే కాపురం చేస్తోంది.

“గత వారం దురద ఎంత? పదికి ఎన్ని?”

“మూడు. ఉండు, నువ్వు గిన్నెల సబ్బు మార్చావుగా, నాలుగు వేసుకో.”

“నిద్ర పట్టిందా?”

“నీ గురక ఆగితేగా! అదీ రాసుకుంటావా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. పది ప్రశ్నలు అలా సరదాగానే గడిచిపోయాయి.

“పదకొండు. చర్మం వల్ల ఎవరినైనా ముట్టుకోకుండా ఉన్నావా?”

తల్లి చేతిలో కాయ ఆగిపోయింది. “ఇది తీసెయ్. ఎవరూ చెప్పరు.”

“ఎందుకు చెప్పరు?”

“తీసెయ్ అన్నానా!”

కూతురికి చర్రున కోపం వచ్చింది. నిన్నమొన్నటి కోపం కాదది. చిన్నప్పుడు తనకు జడలు వేసింది నాన్న. ఒకటి చెవి మీదికి, ఒకటి మెడ మీదికి! అమ్మ గుమ్మంలో నిలబడి “పాపిడి వంకర, ఎడమకి జరపండి” అని ఆజ్ఞలు జారీచేసేదే గానీ దువ్వెన పట్టేది కాదు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసిందీ నాన్నే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ తలనూనె వాసన, నాన్న ఈలపాట, దూరంగా అమ్మ గొంతు. ఎప్పుడూ దూరంగానే.

“నేనంటే నీకు ఇష్టం లేదని ఆరో క్లాసులోనే తేల్చుకున్నానమ్మా,” అనేసింది. “ఒక్కసారైనా దగ్గరకి తీసుకున్నావా?”

తల్లి ముఖం పాలిపోయింది. పళ్ళెం పక్కన పెట్టింది.

“నీకు మూడో నెల. నా చేతులు పగిలి పొలుసులు రాలేవి. మీ నాయనమ్మ చూసి, పిల్లకి అంటుకుంటుంది, దాని బతుకు పాడవుతుంది అంది. హడలిపోయానే. పాలిచ్చేటప్పుడు కూడా చేతులకి గుడ్డలు చుట్టుకున్నాను.”

“అంటుకోదని నేను చెప్పాను కదా!”

“చెప్పావు, ఈ ఉద్యోగంలో చేరాక. అప్పటికి నీకు ఇరవై నాలుగేళ్ళు. ఏమని పిలవను? రావే, ఒళ్ళో కూర్చో అననా? నవ్వవూ?”

కూతురు నవ్వలేదు. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చర్మం గురించి పేజీలకు పేజీలు రాసింది, ఇంట్లో ఉన్న ఈ ఒక్క మనిషిని ఒక్క మాట అడిగి ఎరగదు. ఎంత చదివి ఏం లాభం! సిగ్గేసింది. కిందకి జారి, తల్లి ఒళ్ళో తల పెట్టేసింది.

తల్లి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. “గరుగ్గా ఉంటాయే. గీసుకుంటాయి.”

“గీసుకోనీ అమ్మా.”

మెల్లగా ఆ చేతులు బుగ్గల మీద వాలాయి. నిజంగానే గరుకు. ఇద్దరూ బావురుమన్నారు.

సంచిలో ఫోను మోగింది. ఆఫీసు నుంచే. కూతురు లేవబోతే, తల్లి ఆమె తలని ఒళ్ళోనే పట్టుకుని ఆపేసింది.

“ఉండు. ఆలస్యమవుతుందని చెప్పు. ఎక్కడున్నావని అడిగితే, మా అమ్మ ఒళ్ళో ఉన్నానని చెప్పు.”