సగం విడుదల

కాసులమ్మ కనబడడం లేదు.

స్టేషన్‌కి వచ్చి ఆ మాట చెప్పింది ఆమె పక్క గదిలో ఉండే బుల్లమ్మ. ఉదయం తొమ్మిదిన్నర. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“అది పారిపోయే మనిసి కాదమ్మా. దాన్ని ఏదో సేసేరు.”

“ఎవరు?”

“ఆ ముగ్గురిలో ఎవుడో ఒకడు.”

ఎస్సై గంగాభవాని టోపీ తీసుకుంది. కానిస్టేబుల్ జమీల్ జీపు స్టార్ట్ చేశాడు. మిగతాది బుల్లమ్మ దారిలో చెప్పింది.

బుచ్చయ్యపేట దారిలో సన్యాసిరావు బెల్లం గానుగ ఉంది. అక్కడ ఎనిమిది కుటుంబాలు పనిచేస్తున్నాయి. ఎప్పుడో తీసుకున్న అడ్వాన్సు తీరలేదంటూ మూడేళ్లుగా వాళ్లని గేటు దాటనివ్వడం లేదు. సంతకి వెళ్లాలన్నా, జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళ్లాలన్నా ఓనరు దయ. పూర్వం దీన్ని వెట్టి అనేవారు. ఇప్పుడు మర్యాదగా ‘మా మనుషులు’ అంటున్నారు.

కాసులమ్మ గోడ దూకి వెళ్లి ఆర్డీవోకి ఫిర్యాదు చేసింది. ఆయన రేపు విచారణకి వస్తున్నాడు.

ఊళ్లో రెండు పార్టీలు. కూలీల వైపు నూకరాజు. టౌన్‌లో పుట్టి పెరిగిన కాంట్రాక్టరు, ప్రెస్ మీట్ అంటే ప్రాణం. ఓనరు వైపు దేవీప్రసాద్. ఆయనకీ సొంత గానుగ ఉంది. నెల రోజులు కత్తులు నూరుకున్న ఈ ఇద్దరూ నిన్న ఒకే కారులోంచి దిగారు. రాజీ కుదిరిందట. నాలుగు కుటుంబాలకి వెంటనే విడుదల. మిగతా నాలుగూ ఉగాది దాకా ఉండాలి. ఆర్డీవో ముందు మాత్రం అందరూ ‘మాకే ఇబ్బందీ లేదు’ అనాలి.

అందరూ తలలూపారు. కాసులమ్మ ఊపలేదు. సాయంత్రం రాజీ మీటింగ్‌కని కూలీలందర్నీ పంచాయతీ ఆఫీసుకి తీసుకెళ్తే ఆమె రానని గానుగ దగ్గరే ఉండిపోయింది. వాళ్లు తిరిగొచ్చేసరికి లేదు. తెల్లారాక బుల్లమ్మ కూడా అదే గోడ దూకి స్టేషన్‌కి వచ్చింది.

ఫిర్యాదు చేసిన మనిషే లేకపోతే రేపటి విచారణ మూసేస్తారు. ఎనిమిది కుటుంబాల బతుకూ అక్కడితో సరి.

గానుగ దగ్గర క్రషర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పెనంలో చెరకు రసం కుతకుతలాడుతోంది. పందిరి కింద మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ముగ్గురు పెద్దమనుషులు, టీపాయ్ మీద స్టాంపు పేపరు. పక్కనే విడుదలయ్యే నాలుగు కుటుంబాల మూటలు కట్టి ఉన్నాయి.

“కాసులమ్మ ఎక్కడ?” గంగాభవాని అరిచి అడగాల్సి వచ్చింది.

“ఎలమంచిలిలో అక్కుందట. అక్కడికే పోయుంటాది,” అన్నాడు సన్యాసిరావు.

“ఎవరు చెప్పారు?”

“అందరూ అనుకుంటన్నారు.”

“నిన్న సాయంత్రం మీరు ముగ్గురూ ఇక్కడికి వచ్చారా?”

“ఒకరి తరవాత ఒకరం వచ్చి నచ్చజెప్పేం మేడమ్,” అన్నాడు దేవీప్రసాద్.

“ఆఖర్న వచ్చిందెవరు?”

ముగ్గురి వేళ్లూ మూడు దిక్కులు చూపించాయి. ఒక్క వేలు కూడా సొంత గుండె వైపు తిరగలేదు.

పొట్టి చేతుల చొక్కా వేసుకున్న నూకరాజు మోచేతులు బరబరా గోక్కుంటున్నాడు. “తొందరగా తెమల్చండి మేడమ్. సంతకాలు పెట్టించాలి.”

“వెట్టికి రాజీ ఏమిటండీ?”

“ఊరు రెండుగా సీలిపోకూడదు కదండీ,” అన్నాడు దేవీప్రసాద్ మెత్తగా.

గంగాభవానికి ఒళ్లు మండింది. ఆమె చదివింది ఎం.ఏ. హిస్టరీ. “అమెరికాలో కూడా ఇదే మాట చెప్పారండీ. దేశం చీలకూడదని పటం మీద గీత గీశారు. గీతకి కింద బానిసలు ఉండొచ్చు, పైన ఉండకూడదు. అలా రాజీ మీద రాజీ చేసుకుంటూ పోయి, చివరికి ఒకళ్లనొకళ్లు కాల్చుకున్నారు. అన్నేళ్లూ గీత కింద ఉన్నవాళ్లని ఒక్కడూ అడగలేదు.”

ఆమె షెడ్డు వెనక్కి నడిచింది.

అక్కడ పాత మోటారు గది ఉంది. దాని పక్కన ఎండు పిప్పి కుప్పలు, ముందు మనిషెత్తున ఇంకో చెరకు పిప్పి కుప్ప. జమీల్ దానికి జారబడి, ఉలిక్కిపడి లేచాడు.

“మేడమ్, లోపల పొయ్యి ఉన్నట్టుంది. చొక్కా కూడా తడిసిపోయింది.”

గంగాభవాని చెయ్యి లోపలికి దూర్చింది. వెచ్చగా ఉంది. పుల్లటి వాసన. ఆమె గానుగ దగ్గరే పెరిగింది. కె. కోటపాడులో వాళ్ల నాన్నకీ ఒకటుంది. పచ్చి పిప్పిని ఎవరూ కుప్ప వేయరు. కళ్లంలో పల్చగా పరిచి, ఎండాకే కుప్ప పెట్టి పొయ్యిలోకి వాడతారు. పచ్చిది పోగేస్తే పులిసి, వేడెక్కి, మండడానికి కూడా పనికిరాకుండా పోతుంది.

అంటే ఇది పరవడానికి తెచ్చింది కాదు. దేన్నో కప్పడానికి తెచ్చింది.

“క్రషర్ ఆపండి!”

ఆగింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. పిప్పి వెనక తలుపు మీద ఎవరో తన్నుతున్న చప్పుడు వినిపించింది.

బుల్లమ్మ అందరికంటే ముందు పరిగెత్తింది. చేతులతో, పారలతో పిప్పి లాగేశారు. జమీల్ తలుపు గడియ తీశాడు. కాసులమ్మ నోటికి గుడ్డ, చేతులకి తాడు. పైనున్న చిన్న కన్నం లేకపోతే ఈ పాటికి ఊపిరాడక పోయేది. కట్లు విప్పి నీళ్లు తాగించారు. బుల్లమ్మ ఆమెని పట్టుకుని భోరుమంది.

“ఎవరమ్మా?” అడిగింది గంగాభవాని.

“ఎనకనించి గోనె కప్పీసేరు. మొకం సూడనేదు.”

సన్యాసిరావు గొంతు పెంచాడు. “నాకేటీ తెల్దు మేడమ్! నా గానుగలో ఎవుడైనా ఏదైనా సెయ్యొచ్చు!”

“అందర్నీ పందిరి కిందికి రమ్మనండి,” అంది గంగాభవాని.

వచ్చారు. ఆమె చేతిలో పచ్చి పిప్పి ఉంది.

“సన్యాసిరావు గారూ, దీన్ని మీరు కుప్ప వేస్తారా?”

“సిన్న పిల్లలు కూడా ఎయ్యరండి.”

“దేవీప్రసాద్ గారూ, మీరు?”

“నాకు గానుగ లేదేటండి? ఎందుకేత్తాను?”

“అవును. గానుగ తెలిసినవాళ్లు తలుపు కప్పాలంటే పక్కనే ఉన్న ఎండు పిప్పి వాడతారు. అక్కడ అది ఉన్నా ఎవరి కంటికీ ఆనదు. పచ్చికీ ఎండుకీ తేడా తెలియనివాడు చేతికందింది ఎత్తి పోశాడు. పైగా అలవాటు లేనివాడు పొట్టి చేతుల చొక్కాతో పిప్పి మోస్తే తెల్లారినా దురద వదలదు. నూకరాజు గారూ, ఆ చేతులు ఒకసారి చూపించండి.”

నూకరాజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“నా కోసం ప్రెస్ మీట్ ఎట్టినోడివి కదయ్యా నువ్వు!” అంది కాసులమ్మ. ఆమెకి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది.

“ఒక్క రోజే అనుకున్నాను,” నూకరాజు గొణిగాడు. “ఆర్డీవో వెళ్లగానే వదిలేద్దామని. రాజీ కుదిరితే సర్పంచి పదవి నాకు ఏకగ్రీవం చేస్తామన్నారు.”

“మీరు పొద్దున్నే ఈ కుప్ప చూశారు,” గంగాభవాని సన్యాసిరావు వైపు తిరిగింది. “చూసి అర్థమై కూడా నోరు మూసుకున్నారు. మీరూ స్టేషన్‌కి రండి.”

జమీల్ ఇద్దర్నీ జీపు వైపు నడిపించాడు. దేవీప్రసాద్ మాత్రం ఆరితేరిన మనిషి. కాసులమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“అయ్యిందేదో అయ్యింది. ఆరు కుటుంబాలు ఎల్లిపోండి. రెండే రెండు ఉంటాయి. ఇంకేటి కావాలి?”

కాసులమ్మ కళ్లు తుడుచుకుంది. తాడు ఒరుసుకున్న మణికట్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

“ఆ రెండూ ఏయో సూపించు బావూ. మాలో ఎవులు మనుసులు కారో వేలెట్టి సూపించు.”

దేవీప్రసాద్ చెయ్యి లేవలేదు.

విడుదలయ్యే జాబితాలో మొదటి పేరు బుల్లమ్మది. మూట కూడా కట్టుకుంది. ఆ మూట వదిలి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పొడుగాటి కర్ర తీసుకుని మంటంతా బయటికి లాగేసింది. మిగతావాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరించారు. పెనంలో ఉడుకు తగ్గిపోయింది.

జీపులోంచి సన్యాసిరావు గుండెలు బాదుకున్నాడు. “మంట తియ్యకండర్రా! పాకం పాడైపోతాది!”

“పోనీ,” అంది కాసులమ్మ.

ఎనిమిది కుటుంబాలూ గేటు దాటాయి.