చెవిలో దూది

చిట్టెమ్మ మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ చంద్రరావు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. రోహిణి ఎండకి రాజమండ్రి సొమ్మసిల్లి పడుంది.

"మా సత్తియ్యని ఉరి తీసేస్తారంటండి, బాబూ!" అంటూ కూలబడింది.

ఆమె కోరుకొండ దగ్గర భీమరాజుగారింట్లో వంటమనిషి. కొడుకు అక్కడే పాలేరు. మొన్న దీపాలు పెట్టే వేళ భీమరాజుగారిని గాదె దగ్గర ఎవరో గునపంతో కొట్టి చంపారు. గునపం సత్తియ్యది. పోలీసులకి అంతకు మించి అక్కర్లేకపోయింది.

"ఆయనమీద ఇంకెవరికైనా కోపముందా?" అసిస్టెంటు జగన్నాథరావు అడిగాడు.

"అన్నగారబ్బాయి సత్తిరాజుగారికండి. పొలం అమ్మనివ్వట్లేదని. కానీ ఆ మధ్యాహ్నం ఆయన హైదరాబాదులో ప్లీడరుగారి దగ్గరున్నారటండి. మర్నాడు పొద్దున్న రైలు దిగి వచ్చారు. పాపం, పడిశం. చెవుల్లో దూది పెట్టుకునే వచ్చారండి."

చంద్రరావు కళ్ళు తెరిచాడు. "తుమ్మాడా?"

"లేదండి. చల్లటి మజ్జిగ రెండు గ్లాసులు తాగారు. చెవి మాత్రం అస్తమానం నొక్కుకున్నారు."

చంద్రరావు బరువుగా లేచి చొక్కా తగిలించుకున్నాడు. కోరుకొండ దారిలో మధురపూడి విమానాశ్రయం గేటు దగ్గర ఆగి, టాక్సీవాళ్ళతో కాసేపు మాట్లాడాడు. ఎందుకో జగన్నాథరావుకి అర్థం కాలేదు. అడిగినా, చెప్పే ఓపిక ఆయనకి ఉన్నట్టు లేదు.

సాయంత్రం వసారాలో భీమరాజు భార్య రత్నమాణిక్యం, సత్తిరాజు, చిట్టెమ్మ, ఎస్సై కూర్చున్నారు. జగన్నాథరావు పళ్ళెం తిప్పాడు. పిప్పరమెంట్లు, పక్కన దూది ఉండలు.

"చావింట్లో ఇదేం పంపకం, బాబూ? దూదెందుకు?" అంది రత్నమాణిక్యం.

"నమలడానికేమోనండి," ఎస్సై నవ్వాడు.

సత్తిరాజు ఒక్కడే ఏమీ అడగలేదు. పళ్ళేన్ని దూరంగా నెట్టాడు.

"మీకు తెలుసు కదా, రాజుగారూ," అన్నాడు చంద్రరావు అలసటగా. "విమానం లేచేముందు ఇదే పళ్ళెం పట్టుకొస్తారు, చెవులు నొప్పెట్టకుండా. రైల్లో హైదరాబాదు మనకి ఒక రాత్రి దూరం. బెజవాడ మీదుగా చుట్టు తిరగాలి. అందుకే అందరూ మిమ్మల్ని వదిలేశారు. బేగంపేటనుంచి మధురపూడికి గాలిలో మూడొందల అరవై కిలోమీటర్లు. చిన్న విమానానికి గంట పైచిలుకు. ప్లీడరుకి దణ్ణంపెట్టి బయల్దేరితే దీపాల వేళకి గాదె దగ్గరుంటారు. దిగాక కూడా చెవిపోటు తగ్గలేదు. రాత్రంతా ఎక్కడో దాక్కుని, పొద్దున్న రైలు దిగినట్టు వచ్చారు. దూది తియ్యడం మరిచారు. మనవాళ్ళు పడిశమనుకున్నారు."

"దూదితో ఖూనీ రుజువవుతుందేంటండీ?" అన్నాడు సత్తిరాజు.

"అవదు. వీధిలో టాక్సీ బుల్లబ్బాయి ఉన్నాడు. ఆ సాయంత్రం ఒకాయన్ని మధురపూడినుంచి తెచ్చి ఊరి పొలిమేరలో దింపాడట. ఎవరూ అడక్క చెప్పలేదు. దారంతా చెవులు నొక్కుకున్న మనిషిని మాత్రం మరిచిపోలేదు."

సత్తిరాజు చెయ్యి తనకి తెలీకుండానే చెవిమీదికి పోయింది. ఎస్సై లేచి ఆ చెయ్యే పట్టుకున్నాడు.

మర్నాడు సత్తియ్యని వదిలేశారు. స్టేషను బయట చిట్టెమ్మ కొడుకు చెంపలు నిమిరి, "అన్నం పెట్టారేంట్రా?" అని మాత్రం అడిగింది. నెత్తిమీదుగా విమానం మోత పెట్టుకుంటూ పోయింది. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు.