సొంత కారణాల వల్ల

భర్త మీద హేమలతకున్న ఫిర్యాదుల్లో అన్నిటికంటే పాతది ఆయన చేతిరాత. వరహాలరావు అక్షరాలు బంతిలో భోజనానికి కూర్చున్నవాళ్లలా ఒకే వరసలో, ఒద్దికగా ఉంటాయి. చిక్కల్లా ఆయన దేన్నీ ఊరికే రాయలేడు. సరుకుల చీటీ రాసినా పైన ‘విషయం: పప్పు, ఉప్పు గురించి’ అని పెట్టి, దాని కింద స్కేలుతో రెండు గీతలు గీస్తాడు. ఓసారి ఆమె పుట్టింట్లో ఉండగా ‘గ్యాసు అయిపోయినదని తమకు తెలియజేయడమైనది’ అని కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ప్రేమలేఖ రాయమంటే చివర ‘ఇట్లు తమ విధేయుడు’ అని ఉంటుందేమోనన్న భయంతో ఆమె పాతికేళ్లుగా ఆ ఊసే ఎత్తలేదు.

అరకులో మాత్రం ఆ చేతిరాతకి మంచి గిరాకీ. రేషన్ కార్డులో పేరు కలపాలన్నా, బోరు బాగు చేయించాలన్నా చుట్టుపక్కల గూడేలవాళ్లు ఆయన గుమ్మం దగ్గరే ఆగేవారు. పద్నాలుగేళ్లు ఒక రిసార్టులో స్టోర్ కీపరుగా చేశాడు. మే నెలలో ఆ రిసార్టు చేతులు మారింది. కొత్తవాళ్లు పన్నెండు మందిని ఒక్క పూటలో ఇంటికి పంపేశారు. వాళ్లలో వరహాలరావు ఒకడు. తొమ్మిదేళ్లు దుప్పట్లు ఉతికిన సోములమ్మ ఒకతె.

ఆగస్టులో ఆ మంగళవారం పొద్దున్న హేమలత దోసెలు పోస్తుండగా సోములమ్మ వానలో తడుస్తూ వచ్చి, కూరకి లేత వెదురు కొమ్ముల మూట అరుగు మీద పెట్టింది. ఆమె ఎవరినైనా నువ్వనే అంటుంది. రిసార్టు మేనేజర్నీ అలాగే అనేది.

“డబ్బులేటైనాయమ్మా? శుక్రారం సంతకి మిల్లు ఏజెంటు వత్తాడు. సిట్టి పేరు రాయించేసుకుంది,” అంది.

చిట్టి ఆమె కూతురు. విశాఖపట్నంలో నర్సింగు ఆఖరి సంవత్సరం. తల్లికి పని లేకుండా పోయిందని తెలిసి, చదువు ఆపేసి తమిళనాడు నూలు మిల్లుకి పోతానని వచ్చి కూర్చుంది. ఆ పిల్లను ఆపడానికి సోములమ్మ దగ్గర ఉన్నది ఒకే ఒక్క మాట: భృతి వస్తుంది, ఆగు.

ఆ మాట ఆమెకి చెప్పింది హేమలతే. జీతంలోంచి నెలనెలా ఈఎస్ఐకి డబ్బు కోయించుకున్నవాళ్లకి పని పోతే, మూడు నెలల పాటు సుమారు సగం జీతం ఇస్తారని ఆమె ఫోన్లో చదివింది. ఎప్పుడో విజయనగరంలో చదివిన బీకాం ఇన్నాళ్లకి పనికొచ్చిందని సంబరపడి, పన్నెండు మంది దరఖాస్తులూ నెత్తిన వేసుకుంది. నెట్ సెంటరు ఊళ్లో, సిగ్నలు గుట్ట మీద. ఓటీపీ చూసుకుని గుట్ట దిగేసరికి దానికి కాలం చెల్లిపోయేది. చివరికి నెట్ సెంటరు నడిపే మాధవే లాప్‌టాప్ చంకన పెట్టుకుని గుట్టెక్కింది. ఇంత జరుగుతున్నా వరహాలరావు మాత్రం ఎందుకో దూరంగానే ఉన్నాడు. అందరి అర్జీలూ ఎగబడి రాసే మనిషి, ఈ ఫారాల దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు దొరకడం లేదన్నాడు. పని పోయిన దిగులు కాబోలని హేమలత ఆయనకి ఓ దోసె ఎక్కువ వేసేది.

సోములమ్మ అడిగిందని ఆ పూటే మాధవి దగ్గరికి వెళ్లి దరఖాస్తుల సంగతి చూడమంటే, పన్నెండు దరఖాస్తులకీ ఒకటే జవాబు వచ్చి ఉంది. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారు అర్హులు కారు.

ఎవరో తప్పు గడిలో టిక్కు పెట్టి ఉంటారనుకుంది హేమలత. నేరుగా అడిగితే దిద్దుతారని, అక్కడినుంచే విశాఖపట్నం బస్సెక్కింది. ఈఎస్ఐ ఆఫీసులో ఒక పెద్దావిడ ఓపిగ్గా విని, యాజమాన్యం పంపిన కాగితాలు కంప్యూటర్లో తెరిచి, స్క్రీను ఆమెవైపు తిప్పింది.

హేమలతకి చదవాల్సిన అవసరం రాలేదు. ‘విషయం’ కింద రెండు గీతలు. ఎడమవైపు రెండు వేళ్ల మార్జిను. బంతిలో కూర్చున్నట్టు అక్షరాలు. పన్నెండు కాగితాలూ అలాగే ఉన్నాయి. సోములమ్మ కాగితం కింద ఆమె సంతకం ఉంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు. వేలిముద్ర మాన్పించి ఆ సంతకం నేర్పింది కూడా వరహాలరావే.

“వీళ్లంతా ఇష్టపడి మానేసినట్టు రాసిచ్చారమ్మా. దీని మీద మేమేం చెయ్యగలం?” అందావిడ.

ఆ రాత్రికి చెల్లెలింట్లో ఉండి, మర్నాడు పొద్దున్న కిరండూల్ పాసింజరు రైలెక్కింది. టైడా స్టేషను దాటాక సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు పెట్టారు. తనకీ కేక పెట్టాలనే ఉంది. కానీ ఎవరి మీద పెట్టాలి? మేనేజరు ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఆఫీసావిడ తప్పేమీ లేదు. మిగిలినవాడు మొగుడు. ఆయనకి బీపీ.

ఇంటికి వచ్చేసరికి వరండాలో వరహాలరావు స్కేలు, పెన్ను ముందేసుకుని ఏదో రాస్తున్నాడు. ఎదురుగా సోములమ్మ గొంతుక్కూర్చుని చూస్తోంది. దరఖాస్తులు తిరస్కరించారని మాధవి చెప్పిందట, దాని మీద అప్పీలట. గీతలు గీయడం అయింది.

హేమలత సంచీ కింద పెట్టింది. “పన్నెండు కాగితాలూ చూసొచ్చానండీ. మార్జిన్లు చాలా బాగున్నాయి,” అంది.

పెన్ను ఆగింది. ఆయన తలెత్తలేదు.

పెన్నుకి మూత పెట్టి మొదలుపెట్టాడు. తీసేశారని రికార్డులో పడితే రేపు ఎవరూ పని ఇవ్వరని, గౌరవంగా వెళ్లినట్టు ఉంటే అందరికీ మంచిదని మేనేజరు అన్నాడట. నీ చేతిరాత ఉండగా టైపెందుకని కూడా అన్నాడట. కుర్చీ వేయించి, టీ తెప్పించి రాయించుకున్నాడట. ఆ టీ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

“సరే, ఆ రోజు తెలీదు. నేను ఫారాలు నింపేటప్పుడు షరతులన్నీ మీకు పైకి చదివి వినిపించాను. అప్పుడు?”

“అన్నీ ఎవరు చూస్తారులే అనుకున్నాను.”

“అందుకేనా కళ్లజోడు దొరకలేదు?”

మామూలుగా అయితే ఇలాంటి మాట తగిలించాక హేమలతకి కాస్త హాయిగా ఉంటుంది. ఇప్పుడు లేదు. రెండు నెలల పాటు ఆయనకి ఎక్కువ వేసిన దోసెలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

సోములమ్మ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. ఆమె కేకలెయ్యలేదు. “బాబూ, ఆ పొద్దు లెక్క తేల్సడానికి కాయితం అన్నావు. సంతకం ఎట్టమన్నావు, ఎట్టినాను. అందులో ఏటి రాసినావు? ఇప్పుడు సదువు.”

“కాగితం ఇక్కడ లేదు, సోములమ్మా.”

“నువ్వు రాసిందేగదా. నోటికి రాదేటి?”

వచ్చు. పన్నెండుసార్లు రాసినవాడికి రాకుండా ఎలా ఉంటుంది? ఆయన నేల చూస్తూ అప్పజెప్పాడు. “అయ్యా, నేను నా సొంత కారణాల వల్ల ఉద్యోగము నుండి స్వచ్ఛందంగా వైదొలగుచున్నాను. ఎవరి ఒత్తిడీ లేదు.”

సోములమ్మ ఆ మాటలు ఒక్కొక్కటీ తిరిగి అనుకుంది. “నాకేటి సొంత కారణం?” అంది.

వరహాలరావు గీతలు గీసిన అప్పీలు కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, హేమలత పద్దులు రాసుకునే పుస్తకంలోంచి ఓ కాగితం చింపుకున్నాడు. విషయం లేదు, మార్జిను లేదు. పన్నెండు రాజీనామాలూ ఒకే పూట, మేనేజరు ఎదురుగా, తానే రాశానని, పదకొండు మందికీ అందులో ఏముందో చెప్పకుండా సంతకాలు పెట్టించానని రాశాడు. అక్షరాలు కొండ దారిలో మేకల్లా చెదిరిపోయాయి. ఆయన రాసిన కాగితాన్ని హేమలత తప్పు పట్టకుండా చదవడం అదే మొదలు.

“దీంతో డబ్బులు వత్తాయా అమ్మా?” అని అడిగింది సోములమ్మ.

తెలీదనే చెప్పింది హేమలత. రేపు మళ్లీ కొండ దిగి ఆఫీసులో ఇచ్చి వస్తానంది. చూస్తామంటారు. ఎన్నాళ్లకో ఎవరూ చెప్పరు. ఎల్లుండేమో శుక్రవారం.

సోములమ్మ తల ఊపి లేచింది. “ఇప్పుడు రాసినావే, ఆ మాట నాకు కాదు బాబూ, సిట్టికి సెప్పు. అమ్మే కావాలని పని ఒగ్గేసిందని ఆ గుంట నా మీద కోపం ఎట్టుకుంది. ఊళ్లో ఎవలో సెప్పినారంట, మీ అమ్మే రాసిచ్చేసిందని. రా బేగి.”

వాన సన్నగా పడుతోంది. గొడుగు ఒక్కటే. అది సోములమ్మకిచ్చి, మొగుడూ పెళ్లాలిద్దరూ గూడెం దాకా తడుస్తూనే నడిచారు. దారిలో ఆయన రెండుసార్లు జేబు తడుముకున్నాడు. ఏదైనా చెప్పాలంటే ముందు రాసుకునే అలవాటు. పెన్ను ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి హేమలతకి తెలుసు. వెనక్కి వెళ్లి తేనా అని అడగలేదు.

చిట్టి చూరు కింద నిలబడి సంచీకి తాడు కడుతోంది. నర్సింగు పుస్తకాలు పక్కన గోనెపట్టా కింద ఉన్నాయి. తల్లిని చూసి మొహం తిప్పుకుంది. వరహాలరావుని చూసి మాత్రం, మర్యాదకి, ముక్కాలిపీట లాగి వేసింది. ఆయన కూర్చోలేదు. మళ్లీ జేబు తడుముకున్నాడు. హేమలత ఆయన తడిచేతిని పట్టుకుంది. జనం మధ్యలో అలా పట్టుకోవడం పాతికేళ్లలో లేదు.

ఇరవయ్యేళ్లుగా అర్జీల భాష తప్ప మాట్లాడని మనిషి, తను పుట్టిన ఊరి మాటలోకి దిగిపోయాడు.

“తప్పు నాదే, గుంటా. మీ యమ్మ పని ఒగ్గీలేదు. ఒగ్గేసినట్టు రాసినోడిని నేను. తెలిసినాక కూడా నోరు మూసుకున్నాను.”