నెయ్యి లేని పెసరట్టు

దేదీప్య నాతో అన్న మొట్టమొదటి మాట, "చెయ్యి వదులుతారా?"

ట్రెడ్‌మిల్ మీంచి తూలి పడబోతుంటే నేను పట్టుకున్న చెయ్యి అది. థాంక్స్ చెబుతుందనుకున్నాను! అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో ఆ ఉదయం మేమిద్దరమే ఉన్నాం.

"పొద్దున ఏం తిన్నరు?" అనడిగాను.

"బ్లాక్ కాఫీ తాగాను."

"అది తినుడా? ఖాళీ కడుపుతోని ఉరికితే కళ్ళు తిరగయా?"

"నేను వీగన్ని. మాంసమే కాదు, పాలు, నెయ్యి కూడా ముట్టను. హాఫ్ మారథాన్‌కి ట్రైన్ అవుతున్నాను. ఇక మీరూ మొదలెట్టండి, 'అయ్యో, మరి ప్రొటీన్ ఎలా?' అని."

"నేనడుగ. పెసరట్టు పేరు విన్నరా?"

ఆమె నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకుందని తెలిసిపోయింది. నాకది చాలు.

అప్పట్నుంచి పరుగుకి ముందు అరటిపండు, ఖర్జూరాలు. పరుగయ్యాక మా కిచెన్‌లో పెసరట్టు, పల్లీ చట్నీ. వాన పడితే సోయా పాలతో చేసిన టోఫు బుర్జీ. ఆమెకి కళ్ళు తిరగడం ఆగింది. నాకు మొదలైంది.

నాన్చడం నాకు రాదు. ఒక శనివారం అడిగేశాను. "దేదీప్యా, మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె ప్లేట్ పక్కన పెట్టింది. "జితేందర్, మా పిన్ని చారులో నెయ్యి పోపు పెట్టి 'ఒక్క చుక్కేనే, తెలీదులే' అంటుంది. పాత రూమ్మేట్ మామూలు పాలు పోసి ఓట్ మిల్క్ అంది. నాది తిండి గొడవ కాదు, నమ్మకం గొడవ. రేస్ అయ్యాక చెబుతాను."

రేస్ రోజు తుంపర పడుతూనే ఉంది. పూర్తి చేసింది! తడిసి ముద్దై, మెడలో మెడల్‌తో, ముక్కు చీదుకుంటూ మా ఇంటికొచ్చి కూలబడింది.

"ఏనుగునైనా మింగేసేంత ఆకలి!"

"ఏనుగు వీగనే. మింగితే నువ్వు కావు."

సంతోషంలో నాకు ఒళ్ళు తెలియలేదు. అట్టు వేసి, చుట్టూ ఓ చెంచాడు చిలకరించి, చకచకా తిప్పి ఆమె ముందు పెట్టాను.

"ఇవాళ ఇంత కమ్మటి వాసనేంటి?" అంటూ ముక్క తుంచింది.

వెనక్కి తిరిగి చూశాను. స్టవ్ పక్కన నూనె సీసా పెట్టినచోటే ఉంది. చెంచా మాత్రం అమ్మ ఇచ్చి పంపిన నెయ్యి సీసాలో ఉంది.

జీలకర్ర వాసన అని చెప్పేస్తే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. అదే నాకు భయమేసింది.

"తినకు!" ప్లేట్ లాక్కున్నాను. "నెయ్యి పడ్డది. చెయ్యి అలవాటు. సారీ."

అయిపోయింది నా పని అనుకున్నాను. ఆమె నావైపే చూస్తోంది.

"ఇంకేదో వాసన అని ఉంటే నమ్మేదాన్ని కదా?"

"అందుకే చెప్పిన."

దేదీప్య నా ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీ అమ్మకి కాల్ చెయ్."

"ఎందుకు?"

"మన పెళ్ళి భోజనంలో నా విస్తట్లో నెయ్యి వడ్డించొద్దని ఇప్పుడే చెప్పాలిగా, మొద్దూ!"

ఎగిరి గంతేసి స్పీకర్ పెట్టాను. అమ్మ విషయమంతా వింది.

"నెయ్యి లేకుండ ముద్దపప్పా?" అంది. "సరే తియ్, ఆ పిల్ల వాటా నాకెయ్యమను. ముందుగాల ఇంకో అట్టు పెట్టురా, అంత దూరం ఉరికొచ్చిందంటివి!"

పెనం కడిగి మళ్ళీ పెట్టాను. ఈసారి నూనె దేదీప్యే వేసింది.