అవసరమైతే తప్ప

మొదటి రోజే బోరుత్ నేదా గదికి తగువుకొచ్చాడు.

స్లొవేనియా రాజధాని ల్యూబ్లియానాలో రాజ్యాంగ సవరణ ఉపసంఘానికి ముసాయిదాలు రాసే లాయరు నేదా. అతను ఆర్థికశాస్త్రం బోధిస్తాడు. ఏ ప్రభుత్వమూ రాబడికి మించి అప్పు చేయకుండా రాజ్యాంగంలోనే హద్దు గీయాలని అతని పట్టు. అతను పేజీ నిండా రాసి పంపిన నిబంధనను ఆమె ఒక్క వాక్యానికి కుదించి, చివర ‘అవసరమైతే తప్ప’ అని చేర్చింది.

"ఆ మాట చాలండీ, కొంప ముంచడానికి. మంత్రులకి రోజూ అవసరమే."

"వరదొస్తేనో? మీ హద్దు పట్టుకుని ఈదమంటారా?" అంది నేదా తల ఎత్తకుండా.

ఆ వాదన రెండు శీతాకాలాలు సాగింది. సమావేశాలు వాయిదా పడేవి. క్యాంటీన్లో పుల్లక్యాబేజీ సూపు చల్లారిపోయేది. జీవితాంతం తోడుంటానన్న మనిషి పెళ్లికి ముందే వెళ్లిపోయాడని ఒకరోజు ఆమె మామూలుగా చెప్పింది. అతను ఓదార్చలేదు. తన రొట్టెలో సగం విరిచి ఆమె పళ్లెంలో పెట్టాడు. ఆ తర్వాత తన అంశం లేని సమావేశాలకూ వచ్చి కూర్చునేవాడు.

ఇంతలో ఉపసంఘం అధ్యక్షుడు బోరుత్‌ను పిలిచి, ‘అవసరమైతే తప్ప’ అన్న మాట జోలికి వెళ్లకపోతే ఆర్థికమంత్రిగారి సలహాదారు పదవి ఖాయమన్నాడు. సంగతి నేదాకు తెలిసింది. ఒప్పుకునే ఉంటాడనుకుని అతనితో మాట్లాడటం మానేసింది.

చివరి సమావేశంలో బోరుత్ లేచి నిలబడ్డాడు. వరద గురించి నేదా అన్నదే నిజమన్నాడు. మినహాయింపు ఉండాల్సిందే, కానీ అవసరమో కాదో తేల్చేది ప్రభుత్వం ఒక్కటే కాకూడదు, చట్టసభలో మూడింట రెండొంతులమంది ఒప్పుకోవాలి అన్నాడు. అధ్యక్షుడు ఆవులించి, విషయాన్ని మరో ఉపసంఘానికి పంపించాడు. అంతే, అయిపోయింది.

బయట సన్నగా వాన. బస్టాపులో అతని పక్కకొచ్చి నిలబడింది నేదా.

"పదవి వద్దన్నారట."

"అలసిపోయానండీ. రేపట్నుంచి ఇక్కడ నాకు పని కూడా లేదు." బస్సు వచ్చే దారికేసి చూశాడు. "అయినా రావాలనుంది."

"పని లేని రోజుల్లోనూ వచ్చావుగా. ఎవరైనా వద్దన్నారా?"

ఆమె నోట ఆ ఏకవచనం వినడం అతనికి అదే మొదటిసారి. తడిసిన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వంటే ఇష్టం నేదా. జీవితాంతం అని మాత్రం అనలేను."

"అనకు. రేపు రా, చాలు."

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. అతని ఇల్లు అటువైపు కాదు.