తెగకుండా పావుగంట

స్తంభానికి నిచ్చెన ఆనించి పని చేస్తున్న లైన్‌మాన్ ఫోన్ తీసి రెండే ముక్కలు చెప్పాడు.

"మబ్బు పట్టింది. ఆరేసిన బట్టలు తీసెయ్యండి."

ఎండ ఫెళ్ళున కాస్తోంది. మరుక్షణం ఎదురు మేడ మీద సైలెన్సర్ బిగించిన తుపాకీ పేలింది. లైన్‌మాన్ నిచ్చెన మీంచి కిందపడ్డాడు. "పాపం, షాక్ కొట్టినట్టుంది," అన్నారెవరో. ఇంటర్నెట్ ఫైబర్‌లో కరెంటు ఉండదన్న సంగతి అక్కడ మూగినవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఫోన్‌కి అవతల ఉన్నది ఏజెంట్ ఉడుత. లోకానికి ఆమె ఓ పాత బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. చనిపోయినవాడు చెప్పిన కోడ్‌కి అర్థం ఆమెకు తెలుసు. శత్రువు ఇళ్ళలోకి వచ్చేశాడు.

చీఫ్ గదికి కిటికీలు లేవు. ఆయన కూర్చోమనలేదు.

"ఆ కాలనీలోకి మెరుపు అని కొత్త కంపెనీ వచ్చింది. స్పీడు మనకి పది రెట్లు. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తుతారు. గంటలో వస్తామంటే గంటలో వస్తారు."

"గంటలోనే?"

"గంటలోనే."

"అయితే వాళ్ళు కంపెనీవాళ్ళు కారు సార్."

"కారు. విదేశీ ముఠా. లైన్‌మాన్ వాళ్ళ డబ్బా విప్పి లోపల ఏముందో చూశాడు. అందుకే పోయాడు." చీఫ్ గొంతు తగ్గించాడు. "వాళ్ళ దేశంలో మన మనిషి ఉన్నట్టు వాళ్ళకి తెలుసు. ఎవరో తెలీదు. ఆమె కాల్ చేసేది ఆ కాలనీకే అని మాత్రం పసిగట్టారు. కొత్త లైన్లో ఒక్క కాల్ పావుగంట తెగకుండా నడిస్తే చాలు, ఆమె ఏ ఇంట్లో ఉందో దొరికిపోతుంది."

ఆ మనిషి ఉడుత అక్క.

"ఇన్నాళ్ళూ ఎలా దొరకలేదు?"

"మన కంపెనీ పుణ్యం," అన్నాడు చీఫ్, కాస్త గర్వంగానే. "మన లైన్లో ఐదు నిమిషాలు తిన్నగా నడిచిన కాల్ ఉందా? ఫిర్యాదు చేద్దామన్నా, కస్టమర్ కేర్‌లో ఉన్నవాళ్ళంతా మన ట్రైనీలు. ఎంత తిట్టినా, ఎంత బతిమాలినా ఒక్క సమాచారం బయటపెట్టకుండా ఉండటం అక్కడే నేర్పుతాం."

"మా బావ మెరుపుకి మారాడా?"

"నిన్ననే."

"వాళ్ళ ఆఫీసు మూయించండి."

"పైవాళ్ళ సంతకం రేపటికి గాని రాదు."

"నేనే వెళ్ళి లైను తెంపేస్తా."

"తెంపితే ఆ ఇల్లేనని మనమే చూపించినట్టు. మామూలుగా పాడైనట్టుండాలి. మీ బావకి కూడా తెలియకూడదు. మొహంలో ఏదీ దాగదాయనకి."

"అక్కని వెనక్కి రప్పించండి సార్."

చీఫ్ బల్ల వైపు చూశాడు. "అలాంటి ప్లాన్ ఏదీ లేదమ్మా," అన్నాడు.

తర్వాత సొరుగులోంచి ఒక స్పీడ్ టెస్ట్ మీటర్ తీసి ఇచ్చాడు. బటన్ నొక్కితే ఇంటి చుట్టూ నెట్ నత్తనడక నడుస్తుందట.

కాలనీ గేటు దగ్గర మెరుపువాళ్ళు గొడుగు కింద బల్ల వేసుకున్నారు. వెనక నిలబడి కరపత్రాలు పంచుతున్నది నెమలి. నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమలు, పది అడుగుల దూరానికే అందే సెంటు. రెండు దేశాల దగ్గరా జీతం తీసుకునే మనిషి.

"మా ప్లాన్ తీసుకోండి మేడమ్," అంది నవ్వుతూ. తర్వాత పెదవులు కదలకుండా, "మీ బావకి కాల్ నాలుగింటికి. ఏ ఇల్లో తెలీక వాళ్ళు కాలనీ అంతా కాచుకుని ఉన్నారు."

"అసలు నువ్వు ఎవరి వైపు?"

"నాకు రెండు కనెక్షన్లు ఉన్నాయి. ఒకటి పోతే రెండోది ఉంటుంది."

"లైన్‌మాన్‌కి ఒకటే ఉండేది."

నెమలి నవ్వు ఆగింది. కరపత్రం ఉడుత చేతిలో పెట్టి ఇంకొకరి వైపు తిరిగింది.

బావ పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. ముందు గది నిండా మైనం వాసన. బల్ల మీద పదిమంది నోళ్ళు తెరిచి పెట్టినట్టు అచ్చులు. వాటి మధ్యన మానిటర్.

"రావే మరదలా! మీ కంపెనీ ఇంకా మూతపడలేదా?"

"నువ్వు వెళ్ళిపోయావని తెలిసి అందరూ ఏడుస్తున్నారు బావా. మళ్ళీ వచ్చెయ్."

"పిచ్చా నాకు? రెండేళ్ళు మీ అక్క మొహం గళ్ళు గళ్ళుగా చూశాను. ముక్కెక్కడో మూతెక్కడో నేనే అతికించుకునేవాణ్ణి. మాట ఇవాళ అంటే పెదవి రేపు కదిలేది. ఇదిగో, ఇది చూడు." స్పీడ్ టెస్ట్ పెట్టాడు. ముల్లు ఒక్క దూకుతో చివరికి వెళ్ళింది. కొత్త బండి కొన్నవాడిలా మరదలి వైపు చూశాడు.

"స్పీడొక్కటేనా చూసుకునేది? నమ్మకం ఉండక్కర్లేదా?"

"మీ కంపెనీ మనిషివి, నమ్మకం గురించి నువ్వు చెప్పాలి!"

నాలుగు కొట్టగానే కాల్ వచ్చింది. మీటర్ పని చేస్తోందో లేదో చూడ్డానికి ఉడుత వైర్లు సర్దే వంకతో బీరువా వెనక్కి దూరింది. అక్కడినుంచి స్క్రీన్ కనిపించదు. మాటలే వినిపిస్తాయి.

"అబ్బ!" అన్నాడు బావ. కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

"ఏమిటలా చూస్తున్నావు?" అక్క గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టుంది.

"చూడనీ."

ఉడుత బటన్ నొక్కింది. మీటర్ తెర మీద అక్షరాలు వెలిగాయి. 'అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆగండి.' ఆ అప్‌డేట్ రావాల్సింది తమ పాత కంపెనీ నెట్ మీంచే. మళ్ళీ నొక్కింది. దయచేసి ఆగమంది.

"నోరు తెరువు," అంటున్నాడు బావ. "ఆ పైపన్ను ఏమైంది?"

"మెట్ల మీద పడ్డాను. ఎప్పుడో. నీకిప్పుడు కనిపించింది."

"పడితే ఇలా విరగదు."

"నీ దగ్గర దాచలేం బాబూ. పళ్ళ డాక్టరు కన్నా ఎక్కువ చేస్తావు." అక్క నవ్వింది. ఆ నవ్వు మరీ తొందరగా అయిపోయింది. బీరువా వెనక ఉడుత కళ్ళు మూసుకుంది. అక్కని ఎవరో కొట్టారు. అంటే అక్కడ అనుమానం అప్పుడే మొదలైంది.

గోడ గడియారం చప్పుడు చేస్తోంది. పావుగంట కావస్తోంది. మీటర్ ఇంకా దయచేసి ఆగమంటోంది. ఉడుత దాన్ని పక్కన పడేసింది. గోడలోంచి వచ్చే ఫైబర్ సన్నటి తీగ. తెంపకూడదు. కాని లోపలున్నది గాజు. మరీ మెలి తిరిగితే వెలుగు ముందుకు సాగదు. ఇళ్ళలో కుర్చీకాళ్ళ కింద నలిగి రోజూ జరిగేదే. లైన్‌మాన్ నేర్పిన విద్య అది. ఆమె తీగని చూపుడువేలికి చుట్టింది.

"చెల్లి వచ్చిందా? కుర్చీ మీద దాని సంచి కనిపిస్తోంది. ముందుకి రమ్మను. చూసి ఎన్నాళ్ళయిందో."

"రావే," పిలిచాడు బావ. "ఎంత బాగా కనిపిస్తోందో చూడు!"

"వస్తున్నా అక్కా," అంది ఉడుత, చుట్టు బిగిస్తూ.

"తొందరగా రా. నీకొక సంగతి చెప్పాలి. నేనిక్కడ..."

ఉడుత వేలు మడిచి గట్టిగా లాగింది.

అక్క మాట మధ్యలోనే తెగింది. తర్వాత బావ మౌస్ నొక్కుతున్న చప్పుడు. నొక్కుతూనే ఉన్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి తెర మీద అక్క మొహం సగం వరకే ఉంది. మిగతా సగం గళ్ళు. విరిగిన పన్ను ఏ వైపుదో ఆ గళ్ళలోనే పోయింది.

"పావుగంట కూడా కాలేదే," అన్నాడు బావ. "ఇది కూడా మీలాగే తయారైందేమిటే."

మర్నాడు సంతకం వచ్చింది. లైసెన్సు లేదన్న సాకుతో మెరుపు ఆఫీసు తలుపులు పగలగొట్టారు. లోపల వేడి తగ్గని యంత్రాలు తప్ప మనుషులెవరూ లేరు. తెర మీద జాడ అక్క ఉన్న ఊరు దాటి వీధి దాకా వచ్చి ఆగింది. ఇల్లు అందలేదు. "శభాష్," అన్నాడు చీఫ్. ఉడుత అక్క గురించి అడిగింది. వీధి తెలిశాక ఆ ఇంట్లో ఉండదు, ఎటో మారి ఉంటుందన్నాడు. ఎటో ఆయనకీ తెలీదు.

వారమైనా కాల్ రాలేదు. ఉడుత వెళ్ళి పాత కంపెనీ లైను తన చేత్తోనే తగిలించింది. బావ చిన్న తెల్లటి పన్నొకటి ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు.

"లైను బాగోకే చెయ్యట్లేదు పాపం," అన్నాడు. ఆమె కాదనలేదు. "నువ్వీ పనిలోనే ఉన్నావుగా. మొహమాటం లేకుండా చెప్పు మరదలా. ఏ కంపెనీ మంచిది?"

ఉడుత డబ్బా మీద ఎర్రదీపం వంక చూసింది. అది ఎప్పటిలాగే మిణుకుమిణుకుమంటోంది.

"అన్నీ ఒకటే బావా," అంది. "కనీసం మాది ఎందుకు పనిచెయ్యదో నాకు తెలుసు."